ఎముక క్యాన్సర్ ఉన్న లాబ్రడార్ కుక్క: బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఎప్పుడు చేయించాలి? (తిరుపతి)

పదకొండేళ్ల లాబ్రడార్, 30 కిలోలు. ముందు కుడికాలి మణికట్టు పైన ఎముక క్యాన్సర్. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు కనిపించాయి, అందుకే కాలు తీయించడం లేదు. నొప్పికి మెలాక్సికామ్ 3 మి.గ్రా. రోజుకోసారి తిండి తిన్నాక, గాబాపెంటిన్ 300 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి నడుస్తున్నాయి. దయచేసి మనుషులు వాడే నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ వేయమని ఎవరూ చెప్పొద్దు. మెలాక్సికామ్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

నొప్పి, తిండి, నీళ్లు, శుభ్రత, హుషారు, నడక, మంచిరోజులు ఎక్కువా చెడ్డరోజులు ఎక్కువా అని ఏడింటికి పదేసి మార్కులు వేసే లెక్క ఉంది కదా. 35 దాటితే ఉంచొచ్చంటారు. వీడికి 41 వస్తోంది. పెరుగన్నం గిన్నె నాకేస్తాడు, తోక ఆడిస్తాడు, నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటడం లేదు. కాలు మాత్రం నేలకు మోపడు. ఈ జబ్బుకు ఆ లెక్క చాలదని నా అభిప్రాయం: గుల్లబారిన ఎముక ఒక్క మెట్టు దిగినా విరగొచ్చు, అప్పుడు అర్ధరాత్రి డాక్టరు కోసం పరుగెత్తాలి, వాడు అంతసేపూ అరుస్తూనే ఉంటాడు.

కాబట్టి తినే దశలోనే పంపించేయడం న్యాయమేనా? ఇలాంటి కేసులు చూసినవాళ్లు ఏ గుర్తు దగ్గర నిర్ణయించుకున్నారు?

తిరుపతిలో ఇంటికొచ్చి చేసే డాక్టర్లున్నారా? ముందు మత్తిచ్చి, పూర్తిగా స్పృహ తప్పాకే నరంలోకి థయోపెంటోన్ (ఎక్కువ మోతాదులో ప్రాణం తీసే మత్తుమందు) లాంటిది ఎక్కించాలి. స్పృహ పోగొట్టకుండానే గుండె ఆపే మెగ్నీషియం సల్ఫేట్‌ను మెలకువగా ఉండగా ఎక్కించేవాళ్లు వద్దు. పూడ్చడానికి బావికి దూరంగా, నాలుగడుగుల లోతు తవ్వే చోటు కూడా చెప్పండి. ఒంట్లో మిగిలిన మందు వీధికుక్కలు, కాకులు తింటే వాటికీ ప్రమాదం.