పల్లెలో పెద్దవాళ్ల పోర్ట్రెయిట్లు: 85 మి.మీ. లెన్స్ కొనాలా, లైటు కొనాలా?

ప్రశ్న (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. వేరుశనగ సేద్యంలోనే జీవితం గడిపిన మా ఊరి పెద్దవాళ్లను వారి ఇళ్ల దగ్గరే కూర్చోబెట్టి ఫొటోలు తీసి, పెద్ద సైజు ప్రింట్లు వేయించి ఆ కుటుంబాలకు ఇవ్వాలని నా కోరిక. నా దగ్గర ఏపీఎస్-సి సెన్సారు (బొమ్మను పట్టే చిప్పు, ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది) ఉన్న కెమెరా, దానితో వచ్చిన 18-55 మి.మీ. లెన్స్ ఉన్నాయి. ఆరుబయట తీస్తే కళ్ల గుంతలు నల్లగా, ముక్కు కింద నీడ గాఢంగా పడుతున్నాయి. ఇంట్లో తీస్తే పంచె, తలపాగా బాగానే కనిపిస్తూ ముఖం మాత్రం చీకటిగా వస్తోంది. 85 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది) కొంటే ఈ ఇబ్బందులు పోతాయా, లేక ఫ్లాష్ కొనడం మంచిదా? రెండూ కొనే స్తోమత ప్రస్తుతం లేదు. దయచేసి అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1 (కర్నూలు)

మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ వెలుతురుకు సంబంధించినవే కాబట్టి లెన్స్ మార్చినంత మాత్రాన అవి పోవు. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా కంటి గుంతలోని నీడ అక్కడే ఉంటుంది.

అనంతపురం దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరలోనూ, ఆగస్టు నడుమనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అంత పైనుంచి పడే ఎండకు కనుబొమల ఎముక అడ్డుపడి కళ్లు చీకట్లోకి పోతాయి. ఆ వేళలో ఆరుబయట తీయడం మానుకొని, మనిషిని తలవాకిలికి రెండు మూడు అడుగుల లోపల కూర్చోబెట్టి, ముఖాన్ని సగం వాకిలి వైపు తిప్పించండి.

వెలుగు మెత్తగా పడడానికి కారణం పరికరం ధర కాదు, ముఖానికి అది ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నదే. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకు కనిపించేది చిన్న బిళ్లగానే కనుక నీడల అంచులు కత్తిరించినట్టు వస్తాయి. దగ్గరగా ఉన్న నిలువెత్తు వాకిలి నుంచి వచ్చే ఆకాశపు వెలుగు చెంపను చుట్టుకొని వస్తుంది, ముడతలు కనిపిస్తాయే కానీ గాట్లలా ఉండవు. వాకిలికి దగ్గరగా ఉంటే వెనుక గోడ చీకట్లో పడి ముఖం విడిగా నిలుస్తుంది, లోపలికి జరిపేకొద్దీ ముఖానికీ గోడకూ తేడా తగ్గుతుంది. ఒకే మనిషిని రెండు చోట్లా కూర్చోబెట్టి పోల్చి చూడండి.

ఉత్తరపు కిటికీకి నేరుగా ఎండ రాదని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అది చలి దేశాల లెక్క. మన దగ్గర మే మొదలు ఆగస్టు తొలి రోజుల వరకు సూర్యుడు రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు కనుక, ఆ నెలల్లో దక్షిణపు వాకిలి ఉన్న ఇల్లే మీకు అనుకూలం. చలికాలంలో మాత్రం ఉత్తరపు వాకిలి చక్కగా పనికొస్తుంది.

జవాబు 2 (కడప)

కర్నూలు మిత్రుల మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ ఇంట్లో ముఖం చీకటవడం గురించి చెబుతాను. ఫ్రేములో తెల్లని పంచె, తలపాగా ఎక్కువ చోటు ఆక్రమించినప్పుడు కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ఆ తెలుపును బూడిదరంగుకు దించబోయి మొత్తం ఎక్స్‌పోజరును, అంటే ఫొటోకు అందే వెలుగును, తగ్గిస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక చిన్న చోటును మాత్రమే కొలిచే పద్ధతి) పెట్టుకొని వెలుగు పడే చెంప మీద కొలవండి. అయితే ఎండలో కాగిన నల్లని చెంపను కూడా మీటరు అదే బూడిదరంగుగా చూపించబోతుంది కాబట్టి, వచ్చిన కొలత నుంచి ఒక స్టాపు వరకు (అంటే వెలుగు సగమయ్యేదాకా) తగ్గించాలి. లేకపోతే ఆ మనిషి అసలు మేనిఛాయ తెల్లబారిపోతుంది, తలపాగా మడతలూ కనిపించవు. ఆ ఛాయను ఉన్నదున్నట్టు నిలపడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

మన మిద్దెల్లో కడప బండలు పరిచి ఉంటే నేల ముదురుగా ఉండి వెలుగును మింగేస్తుంది, గడ్డం కింద నీడ గాఢమవుతుంది. గడపకు ఇవతల ఎండ పడే చోట ఒక తెల్ల దుప్పటి పరిచి చూడండి, గడ్డం కిందికి, కళ్లలోకి వెలుగు వస్తుంది. చీకటి చెంప వైపు తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకోవడానికి ఒక పిల్లవాణ్ణి నిలబెడితే చాలు. నీలం, ఆకుపచ్చ గోడల పక్కన కూర్చోబెడితే ఆ రంగు చెంపకు అంటుతుంది. పగటి వెలుగుతో తీసేటప్పుడు ఇంట్లోని బల్బులు ఆర్పేయండి.

జవాబు 3 (ప్రొద్దుటూరు)

పెళ్లిళ్లు తీసేవాణ్ణి కనుక ఒక విషయంలో భిన్నంగా చెప్పవలసి వస్తోంది. సేద్యం చేసేవాళ్లు తెల్లవారకముందే పొలానికి పోయి పొద్దుగూకాక ఇంటికి వస్తారు. అప్పుడు వాకిలి వెలుగు ఉండదు, పరికరం లేకుండా పని జరగదు.

85 మి.మీ. మాత్రం వద్దు. మీ చిన్న సెన్సారు మీద అది ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సుమారు 130 మి.మీ. లెన్స్ చూపే ఇరుకు కోణంతో సమానం, పడసాలలో అంత వెనక్కు జరగడానికి చోటు ఉండదు. మీ లెన్స్‌లోని 55 మి.మీ. కొస సరిగ్గా పోర్ట్రెయిట్‌కు తగినదే. 18 వద్ద దగ్గరకు వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కు పోతాయి, కాబట్టి ఐదారు అడుగుల దూరంలో నిలబడండి. లెన్సే కొనాలనుకుంటే 50 మి.మీ. ఎఫ్ 1.8 చవక, మీ లెన్స్ 55 వద్ద ఇచ్చే ఎఫ్ 5.6 కన్నా దాదాపు పదింతల వెలుగు తీసుకుంటుంది. అయితే 1.8 వద్ద ఒక కన్ను స్పష్టంగా ఉండి రెండోది మసకబారవచ్చు, నేను ఎఫ్ 4 వద్ద తీయమంటాను.

నా సలహా మాన్యువల్ ఫ్లాష్ (వెలుగును మనమే చేత్తో సెట్ చేసుకునేది), తెల్ల గొడుగు, స్టాండు, కెమెరాకు దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గరు. గొడుగు వేసిన ఫ్లాష్ అంటే మనం వెంట తీసుకుపోయే వాకిలి. కెమెరా మీద పెట్టి సూటిగా కొడితే మాత్రం ముఖం చదునుగా, జిడ్డుగా కనిపిస్తుంది. ఎల్ఈడీ బల్బుల కింద ఫ్లాష్ లేకుండా తీసేటప్పుడు చారలు వస్తుంటే షట్టరు వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను వద్ద ఉంచండి, మన కరెంటు 50 హెర్ట్జ్.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా ఊరి పెద్దలు నిజంగానే పొద్దుగూకాకే దొరుకుతారు. కాబట్టి ఫ్లాష్, గొడుగు తీసుకుంటాను. గొడుగు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పగలరా?

జవాబు (కర్నూలు)

ముఖానికి ఒక పక్కగా సుమారు 45 డిగ్రీల కోణంలో, కంటి కన్నా కాస్త ఎత్తుగా, మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టి మొదలుపెట్టండి. అవతలి చెంప మీద కంటి కింద చిన్న వెలుగు త్రికోణం ఏర్పడి, రెండు కళ్లలోనూ మెరుపు కనిపించేదాకా గొడుగును జరుపుతూ ఉండండి. తలపాగా అంచు కళ్లకు అడ్డుపడుతుంటే గొడుగును కిందికి దించండి కానీ, తలపాగాను తీయించవద్దు.