పాత ఆటోమేటిక్ కారు: పొద్దున డి లో వేస్తే కదలదు, వేడెక్కాక మూడో గేరు స్లిప్ అవుతోంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు నడిపిన కారు ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇరవై ఆరేళ్ల నాటిది, నాలుగు గేర్ల ఆటోమేటిక్, 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ బాగానే ఉంది, గేర్‌బాక్సుతోనే బాధ. పొద్దున్నే స్టార్ట్ చేసి డి లో వేస్తే మూడు నాలుగు సెకన్లు ఏ కదలికా ఉండదు. ఆ తర్వాత దబ్బుమని పట్టుకుంటుంది. పావుగంట నడిచి వేడెక్కాక, రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి అరుస్తుంది. ఆర్‌పీఎం ముల్లు 2500 నుంచి 3500 దాకా లేచి దిగుతుంది, వేగం మాత్రం అక్కడే ఉంటుంది. ఇది కాక, 70 కిలోమీటర్ల వేగంలో కాలు తేలిగ్గా పెట్టి వెళ్తుంటే బండి సన్నగా వణుకుతుంది.

ఒక మెకానిక్‌కి చూపిస్తే ఓ రౌండు నడిపి, కిందికి వంగి కూడా చూడకుండా, "గేర్‌బాక్సు అయిపోయింది, దించాల్సిందే" అన్నాడు. నేనే డిప్‌స్టిక్ తీసి చూశాను, ఆయిల్ నిండుగానే ఉంది. నిజంగా దించాలా? ఈ బండిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

జవాబు:
అప్పుడే దించకండి. మీరు లక్షణాలు చక్కగా రాశారు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏ గేరులో, ఎంత వేగంలో అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. గేర్‌బాక్సులు విప్పడం, బిగించడం నా వృత్తి. విప్పకుండానే బాగుపడే వాటిని విప్పేస్తుంటే చూడలేను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట చెప్పండి. డిప్‌స్టిక్ ఎప్పుడు చూశారు? రాత్రంతా ఆగి ఉన్న బండిలో చూసుంటే ఆ లెక్క చెల్లదు. ఇంజన్ ఆగాక టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగం), ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపుల్లో ఉన్న ఆయిల్ కొంత గేర్‌బాక్సు అడుగున ఉండే పాన్ అనే తొట్టెలోకి దిగుతుంది. అప్పుడు కొలిస్తే తక్కువున్న ఆయిల్ కూడా నిండుగా కనిపిస్తుంది. ఎక్కువ బండ్లలో పద్ధతి ఇది: పది పదిహేను కిలోమీటర్లు నడపండి. సమతలంగా ఉన్నచోట ఆపి, బ్రేకు తొక్కిపట్టి, లివర్‌ని ప్రతి గేరులోనూ రెండేసి సెకన్లు ఉంచుతూ పి నుంచి కింది దాకా, మళ్లీ పి దాకా తీసుకురండి. ఇంజన్ ఆపకుండా, ఐడిల్‌లోనే, డిప్‌స్టిక్ తీసి పీచు ఊడని గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయండి. "హాట్" అన్న గీతల మధ్య ఉండాలి. హోండాల్లో మాత్రం వేడెక్కాక ఇంజన్ ఆపి, ఒకటిన్నర నిమిషం లోపే చూస్తారు. కొన్ని పాత క్రైస్లర్ బండ్లకు పి లో కాదు, న్యూట్రల్‌లో చూడాలి. మీ బండి మాన్యువల్ ఏం చెబితే అదే ఖాయం.

తర్వాత ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. ఎరుపు, లేదా కాస్త గోధుమ రంగు తిరిగిన ఎరుపు అయితే పర్లేదు. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే క్లచ్ ప్లేట్ల పూత కాలిపోయిందని. స్ట్రాబెర్రీ పాలలాగా చిక్కగా, గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ లోపల కూలర్ చిల్లు పడి కూలెంట్ కలుస్తోందని. అప్పుడు బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు, కూలెంట్ ఆ ప్లేట్ల పూతని పట్టి ఉంచే జిగురునే ఊడదీస్తుంది.

ఆయిల్ మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మాన్యువల్ బండిలో గేర్ ఆయిల్ పళ్ల మధ్య జారుడుకే. ఇక్కడ అలా కాదు, క్లచ్‌లను నొక్కే చెయ్యి ఆయిలే. పంపు ఆయిల్‌ని తోస్తుంది, ఆ ఒత్తిడి పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ ప్లేట్లని బిగిస్తుంది. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఆ చేతిలో పట్టు పోతుంది. డి లో ఆలస్యం, మూడో గేరులో జారుడు, ఈ రెండూ ఆ ఒక్క కారణంతో రావొచ్చు.

ఇంకో మూడు సంగతులు చూసి రాయండి. పొద్దున రివర్సు కూడా ఆలస్యమా, డి ఒక్కటేనా? చిన్న ఎత్తు మీదికి రివర్సులో ఎక్కిస్తే జారుతోందా? లివర్‌ని ఎల్ లో (కింది గేరులోనే ఉంచే స్థానం) పెట్టి కదిలిస్తే డి లో కంటే తేడా ఉందా?

మరొకరు:
నాదో సలహా అండీ. మెషీన్ పెట్టి ఫ్లష్ చేయించండి, పాత మురికంతా పోతుంది. మా తమ్ముడి బండికి చేయిస్తే బాగైంది.

జవాబు:
మీ తమ్ముడుగారి బండికి మేలు జరిగినందుకు సంతోషం. అది ఇంకా స్లిప్ అవ్వని బండి అయ్యుంటుంది. ఇప్పటికే జారుతున్న పాత బండికి మాత్రం మెషీన్ ఫ్లష్ వద్దంటాను. ఫ్లష్ చేసేవాళ్లలో చాలామంది పాన్ విప్పరు. పాన్ విప్పకపోతే అడుగున అయస్కాంతం మీద ఏం పేరుకుందో ఎవరికీ తెలియదు. లోపలి సంగతి చెప్పే సాక్ష్యం అది. పైగా కదిలిన చెత్త, ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో చూసే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో ఇరుక్కుంటే కొత్త రోగం మొదలవుతుంది.

పాత ఆయిల్ మారిస్తే గేర్‌బాక్సు పోతుందని కొందరు భయపెడతారు. నా చేతి మీద మార్చాక పోయినవన్నీ మార్చకముందే కాలిపోయినవే. అరిగిన ప్లేటుకి కొత్త ఆయిల్ పూత పుట్టించలేదు, అంతే. పాన్ దింపి, ఫిల్టర్ మార్చి, దిగినంత ఆయిల్ కొత్తది పోయడం మేలైన దారి. ఒకసారికి 3, 4 లీటర్లే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ దింపండి.

అడిగినవారు:
మీరు చెప్పినట్టే చూశానండీ. నేను ఇంతకుముందు చూసింది పొద్దున, ఇంజన్ ఆపి ఉన్నప్పుడే. ఈసారి వేడెక్కించి, ఐడిల్‌లో చూస్తే కింది గీత దగ్గర కూడా లేదు, పుల్ల చివర అంటీ అంటనట్టు తడి, అంతే. రంగు టీ డికాషన్‌లాగా ఉంది. వాసన పాత ఆయిల్ వాసనే, మాడినట్టు లేదు. కిందికి దూరి చూస్తే రేడియేటర్ వైపు వెళ్లే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర తడి, దాని మీద దుమ్ము అంటుకుని గట్టి పొరలా తయారైంది. వేలితో గీకితే కింద ఎర్రగా ఉంది.

పొద్దున రివర్సు కూడా రెండు సెకన్లు ఆలస్యమే. ఎత్తు మీదికి రివర్సులో ఎక్కిస్తే జారలేదు, బలంగానే ఎక్కింది. ఎల్ లో, డి లో తేడా ఏమీ తెలియలేదు.

జవాబు:
ఇది మంచి వార్త. డి ఒక్కటే ఆలస్యమైతే ముందుకు నడిపే క్లచ్ సీళ్లు గట్టిపడ్డాయేమో అనుకునేవాణ్ని. రెండూ ఆలస్యం అంటే తప్పు రెండింటికీ ఉమ్మడి చోట ఉంది. అంటే ఆయిల్ మట్టం, ఫిల్టర్, పంపు.

రివర్సు ఎందుకడిగానంటే, చాలా పాత గేర్‌బాక్సుల్లో మూడో గేరుని పట్టే క్లచ్చే రివర్సులోనూ పట్టాలి. రెండూ జారితే ఆ క్లచ్ అరిగిందనుకోవచ్చు. మీది రివర్సులో బలంగా ఎక్కింది కాబట్టి ఆ క్లచ్‌లో ఇంకా ప్రాణం ఉందనే నా నమ్మకం. అయితే రివర్సులో ఆయిల్ ఒత్తిడి సహజంగానే ఎక్కువ ఉంటుంది, కొంచెం అరుగుదలని అది కప్పేస్తుంది, కాబట్టి పూర్తి భరోసా ఇవ్వను. ఎల్ సంగతీ అంతే. డి లో కదలక, ఎల్ లో కదిలితే ఒక వైపే తిరిగే రోలర్ క్లచ్ పోయిందని అర్థం. మీకు ఆ బాధ లేదు.

ఆ పైపు ముక్క, క్లిప్పు మార్చండి. ఆయిల్ వేడిని, ఒత్తిడిని తట్టుకునే పైపే వేయాలి, పెట్రోలు పైపో నీళ్ల పైపో కాదు. తర్వాత డిప్‌స్టిక్ మీదో మాన్యువల్‌లోనో రాసి ఉన్న రకం ఆయిలే, పావు లీటరు చొప్పున పోస్తూ, ప్రతిసారీ కొలుస్తూ నింపండి. గీత దాటనివ్వకండి. ఎక్కువైతే తిరిగే గేర్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగకి ఒత్తిడి పుట్టదు, మళ్లీ ఇదే జారుడు.

మరొకరు:
ఆ వణుకు గురించి. నా పాత బండీ ఇలాగే వణికితే కన్వర్టర్ పోయిందని ఒకచోట తేల్చేశారు. చివరికి చూస్తే ఒక ప్లగ్ వైరు పగిలి మిస్‌ఫైర్ అవుతోంది, అంటే ఒక సిలిండర్ సరిగ్గా మండట్లేదు. గేర్‌బాక్సు దించాకగానీ తెలియలేదు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. ముందు ఇంజన్ చూసుకోండి.

జవాబు:
ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. 60 నుంచి 80 మధ్య తేలిక కాలుతో వెళ్తుంటే కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ పట్టుకుంటుంది. అది నిలకడగా పట్టలేకపోతే రోడ్డు మీద వరస గీతలపై పోతున్నట్టు వణుకు. ఇంజన్ మిస్‌ఫైర్ కూడా లాకప్ పడ్డాకే బాగా తెలుస్తుంది, ఎందుకంటే మధ్యలో మెత్తగా మింగే ఆయిల్ పొర అప్పుడు ఉండదు. అందుకే ఇద్దరూ ఒకరి వేషంలో ఒకరు కనిపిస్తారు.

వెనక బండ్లు లేని రోడ్డు మీద, వణుకు వస్తుండగా, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకుని దీపం వెలిగేంత మాత్రమే తాకండి. లాకప్ వదిలేస్తుంది, ఆర్‌పీఎం కొన్ని వందలు లేస్తుంది. వణుకు వెంటనే ఆగితే లాకప్ మీద అనుమానం. కానీ అక్కడే తీర్పు చెప్పేయకండి. ఓవర్‌డ్రైవ్ (అన్నిటికంటే పై గేరు) ఆపేసి, ఎత్తు మీద గట్టిగా తొక్కి నడిపి చూడండి. అక్కడ లాకప్ ఉండదు. అప్పుడూ ఇంజన్ కుదుపుతుంటే ప్లగ్గులు, వైర్లు, కాయిల్ వైపే వెళ్లాలి.

తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించే వీలుంటే పెట్టించండి. పి0700 అన్నది గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఏదో తప్పు నమోదైందని మాత్రమే చెబుతుంది, అసలు సంగతి దాని పక్కనున్న కోడ్‌లో ఉంటుంది. పి0741 అంటే లాకప్ పట్టడం లేదని, పి0730 అంటే గేరు నిష్పత్తి కుదరడం లేదని. సోలనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్) కోడ్ వస్తే సోలనాయిడ్ కొనేముందు దాని కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడండి, పాత బండ్లలో పచ్చగా చిలుము పట్టి ఉంటాయి.

బ్రేకు తొక్కిపట్టి ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చే స్టాల్ టెస్టు ఎవరైనా చెబితే మాత్రం మీరు చేయకండి. అయిదు సెకన్లు మించితే ఆయిల్ మరిగిపోతుంది, బలహీనంగా ఉన్న క్లచ్ అక్కడే పోతుంది. ముందు మనుషులుంటే ప్రమాదం కూడా.

అడిగినవారు:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. పైపు మార్చాను, దాదాపు లీటరున్నర పట్టింది. పొద్దున ఆలస్యం పోయింది, డి వేయగానే మెత్తగా పట్టుకుంటోంది. ఎత్తు మీద ఓవర్‌డ్రైవ్ ఆపి నడిపితే కుదుపు వచ్చింది, కాబట్టి ప్లగ్గులు తీయించాను. మూడో సిలిండర్ ప్లగ్ పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకవాసి నల్ల గీత. నాలుగు ప్లగ్గులు, వైర్లు మార్చాక వణుకు లేదు. కోడ్ ఏదీ లేదు.

మూడో గేరు జారుడు మాత్రం పూర్తిగా పోలేదు. బాగా వేడెక్కాక, తేలిక కాలుతో వెళ్తుంటే ముల్లు రెండు మూడు వందలు లేస్తోంది. గట్టిగా తొక్కితే లేదు.

జవాబు:
వెయ్యి లేచే చోట రెండు మూడు వందలకు దిగింది, చాలా సంతోషం. ఆ నల్ల గీత గుండానే స్పార్క్ పక్కకి పారిపోతోంది.

మిగిలిన జారుడుకి ముందు బయట ఉన్నదే చూద్దాం. థ్రాటిల్ దగ్గర నుంచి గేర్‌బాక్సులోకి దిగే సన్నని కేబుల్ ఉందేమో చూడండి. మీరు ఎంత తొక్కారో దాన్నిబట్టి ఆయిల్ ఒత్తిడి పెంచేది అదే. వదులైతే గేర్లు తొందరగా, బలం లేకుండా మారతాయి, ఇలాగే జారుతుంది. మరీ బిగువైతే ఆలస్యంగా, కుదుపుతో మారతాయి. ఇంజన్ ఆపి, ఎవరినైనా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమని, కేబుల్ మీద నొక్కి ఉన్న చిన్న లోహపు పూసకీ రబ్బరు తొడుగు అంచుకీ మధ్య ఎడం చూడండి. పాత టయోటాల్లో అది 0 నుంచి 1 మిల్లీమీటరు ఉండాలి. కేబుల్‌కి బదులు సన్నని వాక్యూమ్ గొట్టం ఉంటే అది పీకి చూడండి, లోపల ఎర్ర ఆయిల్ కనబడితే మాడ్యులేటర్ (ఆ కేబుల్ పనినే వాక్యూమ్‌తో చేసే భాగం) లోపలి పొర చిరిగిందని.

అది సరిగ్గా ఉంటే పాన్ దింపించండి, మీరు పక్కనే నిలబడండి. అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తని ముద్ద ఉంటే వయసుకి తగ్గదే. మెరిసే లోహపు పొలుకులుంటే, లేదా ఫిల్టర్ మీద నల్లని పొరలు పొరలుగా ఊడిన పూత ఉంటే, అప్పుడు గేర్‌బాక్సు దించమని నేనే చెబుతాను.

అడిగినవారు:
కేబుల్ ఉందండీ. పూర్తిగా తొక్కించి చూస్తే పూస, తొడుగు మధ్య నా చిటికెన వేలు పట్టేంత ఎడం ఉంది. రెండు నట్లు తిప్పి మాన్యువల్ చెప్పిన కొలతకి తెచ్చాను. నిన్న గంటన్నర నడిపాను, ముల్లు ఒక్కసారీ లేవలేదు. పాన్ ఇవాళ దింపించాను, అయస్కాంతం మీద బూడిద ముద్దే, గోరుతో నలిపితే గరుకు తగల్లేదు. కొత్త ఫిల్టర్, కొత్త గాస్కెట్ వేశాం, మూడున్నర లీటర్లు పట్టింది. ఒకవేళ దారిలో ఎప్పుడైనా ఆగిపోతే తాడు కట్టి లాగించుకోవచ్చా?

జవాబు:
ఇంజన్ తిప్పే చక్రాలు నేల మీద ఉండగా లాగించకండి. పంపుని తిప్పేది ఇంజనే. ఇంజన్ ఆగి చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి గేర్లకి చుక్క ఆయిల్ అందదు. ఇంజన్ ముందు చక్రాలని తిప్పే బండి అయితే ముందు భాగం ఎత్తి, లేకపోతే మొత్తంగా ట్రక్కు మీదికి ఎక్కించి తీసుకెళ్లాలి. కొన్ని వందల కిలోమీటర్లయ్యాక ఇంకోసారి పాన్‌లోంచి ఆయిల్ దింపి నింపండి, ఆ కొత్త పైపు క్లిప్పు దగ్గర వేలు పెట్టి చూడండి.