ఫ్రేజల్ వెర్బ్స్ ఎంత బట్టీ పట్టినా కాల్‌లో గుర్తుకు రావట్లేదు, ఏం చేయాలి?

రాత్రిషిఫ్ట్:
అందరికీ నమస్తే. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సపోర్ట్ ప్రాజెక్టులో పని. గ్రామర్ ఫర్వాలేదు, మెయిల్స్ రాసేస్తా, ఇంగ్లీషు పేపర్ చదివితే అర్థమవుతుంది. నా గోలంతా ఈ ఫ్రేజల్ వెర్బ్స్‌తోనే. గెట్ తెలుసు, అప్ తెలుసు, డౌన్ తెలుసు, రెండు కలిస్తే మాత్రం నాకు తెలియని మూడోదేదో అయి కూర్చుంటోంది.

పోయిన నెల మా టీమ్ లీడ్ ఫోన్ చేసి "కెన్ యూ ఫిల్ ఇన్ ఫర్ మీ టుమారో" అన్నాడు. నేను చాలా వినయంగా "ఏ ఫారం సార్, లింక్ పంపండి" అన్నా. అవతల రెండు సెకన్లు చప్పుడు లేదు. రేపటి మీటింగ్‌లో తన బదులు నన్ను కూర్చోమంటున్నాడని తర్వాత పక్క సీటు అమ్మాయి చెప్పింది. అప్పట్నుంచి ఫ్లోర్‌లో నా పేరు ఫారం.

అదైనా నవ్వుకుని వదిలేయొచ్చు. మొన్న క్లయింటు గురువారం డెమో పుట్ ఆఫ్ చేద్దామన్నాడు. ఆఫ్ అన్నాడు కదా, ఇంకేముంది రద్దయిపోయిందనుకుని మా వాళ్లకి అదే చెప్పా, వాళ్లు పని పక్కన పడేశారు. నిన్న చూస్తే వచ్చే సోమవారానికి ఇన్వైట్ వచ్చింది! ఇప్పుడు శని, ఆదివారాలు అందరం ఆఫీసులోనే, నన్ను ఎవరూ టీకి పిలవట్లేదు.

అమీర్‌పేటలో ఒక పుస్తకం కొన్నా, అక్షరక్రమంలో అర్థాలతో సహా ఉంటాయి. బ్రేక్ డౌన్, బ్రేక్ ఇన్, బ్రేక్ ఆఫ్, బ్రేక్ అవుట్, బ్రేక్ అప్ అన్నీ ఒకే పేజీ. రాత్రి చదివితే పొద్దున్నకి అన్నీ కలిసి ముద్దైపోతున్నాయి. మీరంతా ఎలా నేర్చుకున్నారు?

తెనాలి టీచరమ్మ:
ముందు ఆ పుస్తకం మూసేయండి బాబూ. ఒకే పోలికలున్న అయిదుగురు అన్నదమ్ముల్ని వరసగా నిలబెట్టి ఒకేసారి పేర్లు చెబితే ఎవరికైనా కలిసిపోతాయి, పెళ్లిలో ఒకణ్ణి, బస్టాండులో ఒకణ్ణి చూస్తేనే గుర్తుంటారు.

నేను పిల్లలకి చెప్పేది ఒక్కటే, ఇలాంటి మాటలు తెలుగులో మనకీ బోలెడున్నాయి, మనం గమనించం అంతే. మీ నాన్నగారు మీ అమ్మగారితో "వాణ్ణి ఎప్పుడూ వెనకేసుకొస్తావు" అంటే, వెనకాల ఏం వేసుకొచ్చింది అని మీరెప్పుడైనా అడిగారా? వెనక, వేసుకోవడం, రావడం, ఈ మూడింటిని విడివిడిగా కూడితే ఆ అర్థం రాదు. స్టిక్ అప్ ఫర్ అంటే సరిగ్గా అదే. అందులోంచి రావడం తీసేసి చూడండి, "నాలుగు రూపాయలు వెనకేసుకున్నాడు" అంటే పొదుపు చేశాడని, అది పుట్ అసైడ్. ఒక్క ముక్క మారితే అర్థం మొత్తం మారిపోవడం మన దగ్గరా ఉంది, దాని మీద మనకెప్పుడూ కోపం రాలేదు.

అందుకే ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడల్లా దానికి అర్థం కాకుండా జోడీ వెతకండి. గెట్ బై అంటే జీవించుట అని రాసుకుంటే రేపటికి ఉండదు. "ఆ జీతంతో ఎలాగో నెట్టుకొస్తున్నాడు" అని రాసుకుంటే ఎక్కడికీ పోదు. బ్రష్ ఆఫ్ అంటే కొట్టిపారేయడం, ఎగ్ ఆన్ అంటే ఎగదోయడం, పనికిరాని సరుకు అంటగడితే పామ్ ఆఫ్. మా పిల్లలకి అన్నిటికన్నా నచ్చింది టెల్ ఆఫ్, హెడ్మాస్టరు దులిపేయడం! ఇక అప్ చాలా చోట్ల మన తినేయ్, తాగేయ్‌లో చివరి ముక్క లాంటిది, పని మొత్తం పూర్తవ్వాలని. ఈట్ అప్ తినేయ్, డ్రింక్ అప్ తాగేయ్, యూజ్ అప్ వాడేయ్. గివ్ అప్‌కి మాత్రం ఈ లెక్క పెట్టకండి, అది చేతులెత్తేయడం.

మీ పుట్ ఆఫ్ తిప్పలు నాకర్థమైంది. మనకి ఆఫ్ అనగానే ఫ్యాను ఆగినట్టు. కానీ లైట్స్ వెంట్ ఆఫ్ అంటే దీపాలు ఆరిపోయాయి, అలారం వెంట్ ఆఫ్ అంటే మోగింది! పుట్ ఆఫ్‌లో ఆఫ్ అంటే కొంచెం దూరం జరిపి పెట్టడం అనుకోండి, వాయిదా. రద్దు అయితే కాల్ ఆఫ్.

సిగ్గుపడాల్సిందేం లేదు, 1755లో ఇంగ్లీషు నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సనే, బయటివాళ్లకి ఈ భాషలో అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని ముందుమాటలో రాసుకున్నాడు.

గ్రూప్స్ ఆశావాది:
మేడమ్ చెప్పింది బాగుంది కానీ బ్యాంకు, ఎస్ఎస్సీ రాసేవాళ్లకి అంత టైమ్ ఉండదండీ, లిస్టు చదవాల్సిందే. ఒకటి మాత్రం బ్రోకి కూడా పనికొస్తుంది. ఇట్, హిమ్, దెమ్ లాంటివి వస్తే మధ్యలో పెట్టాలి. టర్న్ ఆఫ్ ద ఫ్యాన్, టర్న్ ద ఫ్యాన్ ఆఫ్ రెండూ రైటే, కానీ టర్న్ ఆఫ్ ఇట్ తప్పు, టర్న్ ఇట్ ఆఫ్ అనాలి. అలాగని అన్నిటినీ విడగొట్టకూడదు, లుక్ ఆఫ్టర్ హిమ్ అనే అంటాం, లుక్ హిమ్ ఆఫ్టర్ అనం. తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో దీనికి ఒకసారి బలయ్యా. అన్నట్టు కోప్ అప్ విత్ అనే మాట లేదు, కోప్ విత్ మాత్రమే. మనోళ్లందరూ అప్ తగిలిస్తారు.

డల్లాస్ బాబాయ్:
తమ్ముడూ, ఫారం కథ చదివి కాఫీ ఒలకబోసుకున్నా. నాదీ విను. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇంటర్వ్యూలో "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2009" అన్నా. ఆవిడ మొహం జాలిగా పెట్టి "ఓ, ఆర్ యూ ఓకే నౌ?" అంది. మన దగ్గర పాస్ అవుట్ అంటే చదువు పూర్తవడం, వీళ్లకి స్పృహ తప్పి పడిపోవడం. పాసింగ్ అవుట్ పరేడ్ అని పేపర్లో చూస్తుంటాం కదా, అది బ్రిటిష్ మిలటరీ శిక్షణ మాట, అమెరికాలో గ్రాడ్యుయేటెడ్ అంటేనే క్షేమం.

నువ్వు కాల్స్‌లో ఉంటావు కాబట్టి కళ్లతో కాదు, చెవితో నేర్చుకో. ఈ జంటల్లో వీళ్లు సాధారణంగా రెండో ముక్కనే గట్టిగా పలుకుతారు. టర్న్ ఇట్ "ఆఫ్", పిక్ ఇట్ "అప్". మొదటిది మింగేస్తారు, మనమేమో దాని కోసమే చెవులు రిక్కించి అసలుది వదిలేస్తాం. లుక్ ఎట్ ఇట్‌లో మాత్రం లుక్ మీదే ఒత్తు. ఒక వారం కేవలం ఇదే విను.

ఫిల్ ఇన్ కూడా తేల్చేసుకో. ఫిల్ ఇన్ ద ఫారం అంటే నువ్వనుకున్నదే, ఇక్కడ ఫిల్ అవుట్ అంటారు. ఫిల్ మీ ఇన్ అంటే నాకు తెలియని సంగతులు చెప్పు అని. ఫిల్ ఇన్ ఫర్ మీ అంటే నా బదులు నువ్వు కూర్చో. రేపు ఎవరైనా ఫిల్ మీ ఇన్ అంటే ఫారం అడక్కు.

రాత్రిషిఫ్ట్:
బాబాయ్ 😂 టీచరమ్మ గారూ, మీరు చెప్పినట్టు ఒక నోటు పుస్తకం పెట్టా, రోజుకి రెండే, కాల్‌లో విన్నవి మాత్రమే, పక్కన తెలుగు జోడీ. నిన్న క్లయింటు రన్ అవుట్ ఆఫ్ టైమ్ అన్నాడు, క్రికెట్టు గుర్తొచ్చింది కానీ ఆగి ఆలోచించి "టైమ్ అయిపోవడం" అని రాసుకున్నా.

సోమవారం డెమో కూడా అయిపోయింది, బాగానే జరిగింది. చివర్లో ఆయన "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ" అన్నాడు. ఇది మన "చూద్దాంలే"కి జోడీ అని రాసుకున్నా, కరెక్టేనా?

తెనాలి టీచరమ్మ:
కాదు బాబూ, కొట్టేయండి. "కనుక్కుని మళ్లీ చెబుతా" అని. ఆయన నిజంగానే ఫోన్ చేస్తాడు, సిద్ధంగా ఉండండి.

డల్లాస్ బాబాయ్:
ఇంటర్వ్యూ అయ్యాక హెచ్ఆర్ వాళ్లు అంటే మాత్రం చూద్దాంలే అనే ఉంచుకో.