చదువుకుంటూ కంప్యూటర్ రిపేర్ షాపులో పార్ట్‌టైమ్: చేరమంటారా?

సెకండ్‌ఇయర్_సీఎస్ఈ

అందరికీ నమస్కారం. కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కంప్యూటర్లు అమ్ముతూ రిపేర్లు కూడా చేసే ఒక షాపులో సాయంత్రం పూట పనికి మనిషి కావాలంటే వెళ్లి మాట్లాడాను. ముందు కౌంటర్‌లో ఉండాలి, మెల్లగా బెంచ్ మీద, అంటే రిపేర్లు చేసే బల్ల మీద, పని నేర్పిస్తాం అన్నారు. నా డెస్క్‌టాప్ నేనే అసెంబుల్ చేసుకున్నాను. ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చడం వచ్చు. లాప్‌టాప్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు.

వేరేవాళ్ల మెషిన్ నా చేతిలో పాడైతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. పైగా మా క్లాస్‌మేట్స్, "ఆ టైమ్‌లో కోడింగ్ ప్రాక్టీస్ చేసుకో, స్క్రూలు విప్పితే ఏమొస్తుంది" అంటున్నారు. ఈ పని నిజంగా చేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బెంచ్‌మీద_నేర్చుకున్నా

డిగ్రీ చదివినంతకాలం సాయంత్రాలు ఇదే పని చేశాను, ఇప్పుడు సిస్టమ్ అడ్మిన్‌గా ఉన్నాను. చేరండి, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కాకపోతే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కౌంటర్ దగ్గర కూర్చుని ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినడం, విన్నది రాయడం అలవాటు చేసుకోండి. మీ టెన్షన్‌లో సగం అక్కడే పోతుంది.

"సిస్టమ్ స్లో అయిపోయింది" అంటూ వస్తారు. ఆన్ అవ్వడానికే టైమ్ పడుతోందా? బ్రౌజర్ తెరిస్తేనే స్లోనా? ఛార్జర్ తీసేశాకా? ఎప్పటినుంచి? కింద పడిందా? ఇంతకుముందు ఎవరైనా విప్పారా? ఈ చివరిది చాలామంది అడగరు. నేను మాత్రం అడక్కుండా మెషిన్ తీసుకునేవాణ్ని కాదు, ఎందుకంటే ముందు విప్పినవాళ్లు వదిలేసిన స్క్రూ లోపల దొర్లుతూ ఉండొచ్చు. కస్టమర్ చెప్పింది వాళ్ల మాటల్లోనే జాబ్ కార్డ్ (మెషిన్ తీసుకునేటప్పుడు వివరాలు రాసుకునే కాగితం) మీద రాయండి. తర్వాత వాళ్ల ఎదుటే ఆన్ చేసి గీతలు, విరిగిన హింజ్, ఊడిపోయిన కీ, సౌండ్, కెమెరా, ఛార్జర్ ఇచ్చారా లేదా, అన్నీ చూసి రాసి సంతకం తీసుకోండి. "నేనిచ్చినప్పుడు స్పీకర్ బాగానే ఉంది" అన్న గొడవలన్నీ ఆ కార్డు మీద ఒక లైను లేకపోవడం వల్ల వచ్చేవే.

ఇక డేటా. మెషిన్ పోతే ఇంకోటి కొనుక్కుంటారు, పిల్లల ఫొటోలు పోతే ఎవరూ తెచ్చివ్వలేరు. నేను ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉండేవాణ్ని. హార్డ్ డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. "ఇంకోసారి ట్రై చేద్దాం" అని ఆన్ చేసిన ప్రతిసారీ డేటా చదివే హెడ్, డేటా ఉండే పళ్లేన్ని (ప్లాటర్‌ని) గీకేసే ప్రమాదం ఉంటుంది. అది డేటా రికవరీ ల్యాబ్‌కి పంపాల్సిన డిస్క్. శబ్దం లేకుండా చదవడంలో తడబడుతున్నదైతే స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తెరిచి రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై, బదులుగా వేరేవి వాడుతున్న భాగాలు), పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో పెట్టిన భాగాలు) చూడండి. పెండింగ్ సంఖ్య పెరుగుతోందంటే రిపేర్ మాట తర్వాత, ముందు డీడీరెస్క్యూ అనే డేటా కాపీ ప్రోగ్రామ్‌తో వేరే డిస్క్ మీదికి క్లోన్ (మొత్తం డిస్క్ నకలు) తీయాలి. అది తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి చివర్లో వస్తుంది. మధ్యలో ఆగినా, ఎంతవరకు కాపీ అయిందో రాసిపెట్టే మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన దగ్గర్నుంచే మొదలవుతుంది. అలాంటి డిస్క్ మీద నేరుగా విండోస్‌లోని డిస్క్ రిపేర్ టూల్ చెక్‌డిస్క్ నడపకండి, అది ఉన్న ఫైల్ సిస్టమ్‌లోనే మార్పులు చేస్తుంది.

బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) సంగతి కూడా. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ఇన్ అవ్వగానే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, ఆ సంగతి ఓనర్‌కే తెలియదు. మదర్‌బోర్డ్ మార్చాక 48 అంకెల రికవరీ కీ అడిగితే అప్పుడు వెతుక్కోవాలి. అందుకని బోర్డు జోలికి, బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ జోలికి వెళ్లకముందే ఆ కీ వాళ్ల అకౌంట్‌లో ఉందో లేదో వాళ్ల చేతే చూపించుకోండి.

మీ క్లాస్‌మేట్స్ మాటకి జవాబుగా ఒక కేసు చెప్తాను. ఒక పెద్దాయన లాప్‌టాప్ తెచ్చారు. ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది. "డిస్‌ప్లే పోయింది, మార్చేయండి" అన్నారాయన. బయటి మానిటర్ తగిలిస్తే బొమ్మ వచ్చింది, అంటే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ బాగానే ఉన్నట్టు. సగం అనుమానాలు అక్కడే పోయాయి. షాపులో లైట్లు తీసేసి స్క్రీన్ మీదికి టార్చ్ ఏటవాలుగా కొట్టి చూశాం. మసగ్గా ఐకాన్లు కనిపించాయి. ప్యానెల్ బొమ్మ గీస్తూనే ఉంది, వెనకాల బ్యాక్‌లైట్ వెలగట్లేదు. మూతని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ వంచితే ఒకచోట క్షణంపాటు స్క్రీన్ వెలిగి ఆరిపోయింది. విప్పి చూస్తే హింజ్ పక్కన డిస్‌ప్లే కేబుల్ నలిగిపోయి ఉంది. కేబుల్ మార్చాం, ప్యానెల్ అదే ఉంచాం.

కోడ్‌లో బగ్ వెతకడం కూడా అచ్చం ఇలాగే. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడటం, ప్రతి టెస్టుతో అనుమానాన్ని సగానికి తగ్గించుకుంటూ పోవడం. నాకు ఆ క్రమశిక్షణ బెంచ్ మీదే వచ్చింది. ఇప్పుడు సర్వర్ డౌన్ అయితే నా బుర్ర ముందు ఆ దారిలోనే నడుస్తుంది.

పాత_టెక్నీషియన్

పై తమ్ముడు బాగా చెప్పాడు. ఒక్కటి కలుపుతాను: కౌంటర్ దగ్గర ఆన్ చేసి చూడమన్నాడు కదా, నీళ్లో కాఫీయో పడిందంటే మాత్రం ఆన్ చేయొద్దు, ఛార్జర్ కూడా పెట్టొద్దు. తడి మీద కరెంటు పారితే బోర్డు షార్ట్ అవుతుంది, తుప్పు కూడా ఇంకా త్వరగా పడుతుంది. బియ్యంలో పెడితే ఆరుతుందనే మాట నమ్మకండి. విప్పి, బ్యాటరీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు శుభ్రం చేయాల్సిందే.

లాప్‌టాప్ విప్పగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ తీయడం. చిన్న పనే కదా అని ఇది మానేవాళ్లే బోర్డులు కాలుస్తారు. రెండోది స్క్రూలు. అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, పొడవులు వేరు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగి లోపలి లైన్లు తెంపేస్తుంది. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ రంధ్రంలోది ఆ చోటే అంటించుకుంటూ పో. కీబోర్డ్, టచ్‌ప్యాడ్‌ల పల్చటి రిబ్బన్ కేబుల్‌ని లాగొద్దు, సాకెట్‌కి చిన్న తాళం ఉంటుంది, గోరుతో అది లేపితే కేబుల్ దానంతటదే వచ్చేస్తుంది.

టచ్‌ప్యాడ్ క్లిక్ అవ్వట్లేదు, లేదా పైకి తేలినట్టుంది అంటూ ఎవరైనా వస్తే టచ్‌ప్యాడ్ ఆర్డర్ చేయకు. చాలాసార్లు కింద బ్యాటరీ ఉబ్బి దాన్ని నెడుతుంటుంది. ఉబ్బిన బ్యాటరీని వంచకూడదు, ఇనుప వస్తువుతో లేపకూడదు, ఛార్జింగ్ అసలే పెట్టకూడదు. మొదట్లో సీనియర్‌ని పిలువు. డెస్క్‌టాప్ పవర్ సప్లై పెట్టె ఎప్పటికీ విప్పకు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. నువ్వు భయపడుతున్నావంటే నాకు నచ్చింది, భయం లేనివాడికి నేను మెషిన్ ఇవ్వను.

ఫైనలియర్_సాయంత్రంషిఫ్ట్

మా షాపులో అమ్మాయిని నేనొక్కదాన్నే, ప్రస్తుతం ఇదే పని చేస్తున్నాను. చేరేముందే ఇంటర్నల్స్, సెమిస్టర్ పరీక్షల తేదీలు ఓనర్‌కి ఇచ్చేసి, ఆ వారాల్లో రానని ఒప్పించుకోండి. తర్వాత అడిగితే మొహమాటంగా ఉంటుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది వేరే ఉంది. మన చేతికి వచ్చేది ఒక మనిషి ఫొటోలు, మెసేజ్‌లు, బ్యాంకు కాగితాలు. కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో, లోపల ఎవరేం చేసినా రికార్డయ్యేలా అమర్చిన లాప్‌టాప్‌లని రిపేర్ షాపులకి ఇచ్చి చూస్తే, కొన్నిచోట్ల టెక్నీషియన్లు పర్సనల్ ఫైళ్లు తెరిచారని, కొందరు కాపీ కూడా చేసుకున్నారని తేలింది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. హింజ్ మార్చడానికి పాస్‌వర్డ్ ఎందుకు? నేను అవసరం లేకపోతే అడగను, అవసరమైతే వాళ్లనే టైప్ చేయమంటాను. డేటా కాపీ అయిందో లేదో చూడాలంటే ఫోల్డర్ సైజు, ఫైళ్ల సంఖ్య పోల్చుకుంటే చాలు, ఒక్క ఫొటో తెరవక్కర్లేదు.

అమ్మకం ఒత్తిడి కూడా ఉంటుంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి "కొత్తది కొనాలా" అని చాలామంది వస్తున్నారు. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రతా కీలు దాచే చిప్ లాంటి ఏర్పాటు) కావాలి. అది లేదని చూపిస్తే కంగారుపడి అమ్మేయకండి, చాలా బోర్డుల్లో అది ఉండి బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం పేరుతో కనిపిస్తుంది. ఆన్ చేసి, ప్రాసెసర్ విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన లిస్టులో ఉందో లేదో చూసి, అప్పుడు మాట్లాడండి. కొనక్కర్లేదు అని నిజం చెప్పిన కస్టమరే మళ్లీ నన్ను వెతుక్కుంటూ వస్తారు.

సెకండ్‌ఇయర్_సీఎస్ఈ

థాంక్స్ అన్నా, సార్, అక్కా. వచ్చే వారం నుంచి చేరుతున్నాను, పరీక్షల తేదీలు రేపే ఇచ్చేస్తాను. అప్పటిలోపు ఇంట్లో ఏమైనా ప్రాక్టీస్ చేసుకోవచ్చా?

బెంచ్‌మీద_నేర్చుకున్నా

పనిచేయని పాత లాప్‌టాప్ ఒకటి సంపాదించండి, బ్యాటరీ ఉబ్బనిది. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ మోడళ్ల సర్వీస్ మాన్యువల్స్ వెబ్‌సైట్లలో ఉచితంగానే పెడతాయి. మోడల్ నంబర్‌తో వెతికి, ముందు మాన్యువల్ మొత్తం చదివి, ఆ తర్వాతే విప్పండి. మదర్‌బోర్డ్ బయటికి తీసి మళ్లీ బిగించాక ఒక్క స్క్రూ కూడా మిగలకపోతే, రెండోసారి మాన్యువల్ చూడకుండా చేయండి.