లెన్స్ కొనేటప్పుడు తయారీ తేదీ చూడాలా?

వెలుగునీడ: కొత్త 50 ఎంఎం లెన్స్ కొనబోతున్నాను. పెట్టె మీద చూస్తే తయారై మూడేళ్లయింది. సీలు అలాగే ఉంది. షాపతను "లెన్సుకి ఎక్స్‌పైరీ ఏంటండీ" అని నవ్వేశాడు. నాకేమో టెన్షన్. తీసుకోవచ్చా?

పాతగాజు: నిక్షేపంలా తీసుకోండి. నా దగ్గర 1960ల నాటి పెంటాక్స్ సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 ఉంది. దాని గాజులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం కలిపారు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కింది. కొన్ని రోజులు యూవీ దీపం కింద పెడితే చాలావరకు దిగిపోయింది. దాంతో ఇప్పటికీ ఫొటోలు తీస్తున్నాను. మూడేళ్లకే దిగులెందుకు?

నిలవసరుకు: లెన్స్ అంటే గాజొక్కటేనా? ఫోకస్ రింగు లోపలి గ్రీజు ఎండిపోతుంది, లేదా దాని నూనె ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కన్నం) రెక్కల మీదకి పాకుతుంది. రెక్కలు జిగురెక్కితే సమయానికి మూసుకోవు, వెలుతురు ఎక్కువై ఫొటో తెల్లగా పేలిపోతుంది. ఇక మోటారు, రిబ్బన్ కేబుల్, సర్క్యూట్ ఉండనే ఉన్నాయి. నా సంగతే వినండి. ఒక షాపులో కొత్తదని జూమ్ లెన్స్ కొన్నాను. ఇంటికొచ్చి టార్చి వేస్తే లోపలి గాజు మీద సాలెగూడులా ఫంగస్! తేదీ చూస్తే ఆరేళ్ల నాటి సరుకు. అప్పటినుంచి తేదీ చూడకుండా మూత కూడా కొనను.

బొకేబాబు: మూత మీద తేదీ ఎక్కడుంటుంది సార్?

పాతగాజు: ఫంగస్ పట్టింది తేమ వల్ల, తేదీ వల్ల కాదు. నిన్న తయారైన లెన్సునైనా తడి బీరువాలో పడేయండి, పడుతుంది. గాలిలో తేమ 40-50 శాతం ఉండేచోట పెట్టండి, దశాబ్దాలు నిలుస్తుంది. మీరు తిట్టాల్సింది దాన్ని అలా పడేసినవాణ్ణి.

కోడ్‌రాజు: తేదీ కనుక్కోవడం తేలికే. కానన్ పాత ఈఎఫ్ (ఆటోఫోకస్ కెమెరాల) లెన్సుల వెనక యుఆర్0902 లాంటి కోడ్ ఉంటుంది. మొదటి అక్షరం ఫ్యాక్టరీ, యు అంటే ఉత్సునోమియా. రెండోది సంవత్సరం, ఆర్ అంటే 2003. తర్వాతి రెండంకెలు నెల. 2008 ప్రాంతంలో ఈ పద్ధతి మానేశారు.

నిలవసరుకు: ఆర్ అంటే 1977 కూడా. అక్షరాలు అయిపోతే మళ్లీ ఏ నుంచి మొదలెట్టారు. సగం చెప్పకండి.

కోడ్‌రాజు: ఈఎఫ్ మౌంటు, అంటే లెన్సుని కెమెరాకి తగిలించే భాగం, వచ్చిందే 1987లో. 1977లో ఈఎఫ్ లెన్స్ ఎవరు చేశారండీ?

నిలవసరుకు: అంతకుముందటి కానన్ ఎఫ్‌డీ లెన్సులు కొనేవాళ్లు మనుషులు కారా?

కోడ్‌రాజు: నేను రాసింది ఈఎఫ్ అని. పైకెళ్లి చదవండి.

మూడోకన్ను: రిపేరు పని తెలిసినవాడిగా ఒక మాట. విడిభాగాలు దొరకడం మీ లెన్స్ ఎప్పుడు తయారైందన్నదాన్ని బట్టి ఉండదు, ఆ మోడల్ తయారీ ఎప్పుడు ఆపారన్నదాన్ని బట్టి ఉంటుంది. అదీగాక కొత్త మోడల్లో తొలి సరుకే ఒక్కోసారి తేడా చేస్తుంది. 2005లో కానన్ 24-105 ఎఫ్/4 ఎల్ వచ్చినప్పుడు మొదటి లెన్సుల్లో ఫ్లేర్ (ఎదురు వెలుతురుకి ఫొటోలో మరకలు పడటం) సమస్య బయటపడింది, కంపెనీ ఉచితంగా సరిచేసింది. అక్కడ తేదీ నిజంగా పనికొచ్చింది. ఇంకోటి, పేరొకటే అయినా వెర్షన్లు వేరు. ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8లో 1987 నాటిది లోహపు మౌంటు, 1990 నాటిది ప్లాస్టిక్, 2015 ఎస్‌టీఎంలో మళ్లీ లోహం.

నిలవసరుకు: తేదీ పనికొచ్చిందని మీరే అన్నారుగా. పాతగాజు గారు ఒప్పుకోరులెండి, వారు అమ్మేవి పాత లెన్సులే కదా.

పాతగాజు: అవును, అమ్ముతాను. దొంగతనమేం కాదే! పోయిన నెల ఒకాయన వచ్చి రెండు గంటలు పరీక్షించాడు. షార్ప్‌నెస్ బ్రహ్మాండం అన్నాడు. డబ్బు తీయబోతూ వెనక కోడ్ చూసి "ఇన్నేళ్లదా, సగానికిస్తారా" అన్నాడు. ఆ రెండు నిమిషాల్లో లెన్సులో ఏం మారిందండీ? మీలాంటివాళ్ల రాతలు చదివే ఇలా తయారవుతున్నారు.

నిలవసరుకు: బేరం ఆయనిష్టం, కుదరదంటే మీ ఇష్టం. నా కడుపుమంట ఫంగస్ మీద కూడా కాదు. "ఎప్పటిది బాబూ" అని అడిగాను. "ఇప్పుడే దిగిన సరుకు సార్" అన్నాడు. ఆరేళ్లదని చెప్పి ఉంటే అక్కడే టార్చి వేసి చూసుకునేవాణ్ణి.

పాతగాజు: అడిగితే నేను అబద్ధం చెప్పను.

నిలవసరుకు: అడక్కపోతే?

పాతగాజు: గీత ఉంటే చెప్తాను. విప్పి బాగుచేయిస్తే చెప్తాను. దాని పుట్టినరోజు నేనెందుకు చెప్పాలి?

నిలవసరుకు: అదీ విషయం. మొదటినుంచీ మన గొడవ ఇదే, మధ్యలో గాజు గురించి ఊరికే కొట్టుకున్నాం.

వెలుగునీడ: మరి నా లెన్స్ సంగతి?

మూడోకన్ను: అక్కడే సీలు విప్పించండి. రెండువైపులా మూతలు తీసి, ఏటవాలుగా టార్చి వేసి చూడండి. మీ కెమెరాకి తగిలించి ఎఫ్/16లో, అంటే ఎపర్చర్ బాగా మూసి, వరసగా పది ఫొటోలు తీయండి, అన్నిట్లో వెలుతురు ఒకేలా ఉండాలి. వారంటీ సాధారణంగా కొన్న రోజు నుంచే లెక్క, కాబట్టి బిల్లు జాగ్రత్త.

కోడ్‌రాజు: ఇంతకీ ఈఎఫ్ లెన్స్ మీద ఆర్ అంటే 2003 అని ఒప్పుకున్నట్టేనా?