హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి: మగ వరుసలు ముందే పూతకు వస్తున్నాయి

కరీంనగర్ జిల్లా, యాసంగి పంట, ఎకరం. విత్తన కంపెనీతో ఒప్పందం మీద ఆడ (సొంత పుప్పొడి పనిచేయని), మగ (దానికి పుప్పొడి ఇచ్చే) వరి వేశాను. రెండూ ఒకేసారి పూస్తేనే గింజ కడుతుంది. 8 ఆడ వరుసలకు 2 మగ వరుసలు. మగ నారు మూడు విడతలుగా, విడతకు 4 రోజుల తేడాతో పోశాను. చలికి ఆడ నారు ఎదుగుదల మందగించింది. ఇప్పుడు లోపల కంకి ఏ దశలో ఉందో కాడలు చీల్చి చూస్తే మొదటి రెండు విడతల మగ మొక్కలు ఆడవాటికన్నా కనీసం వారం ముందున్నాయి. మూడో విడత సరిపోయేలా ఉంది కానీ మొక్కలు పలుచన. దాని పుప్పొడి ఒక్కటే పొలమంతటికీ చాలదు.

మగ పూత ఆలస్యం కావాలని మగ వరుసలపై 2 శాతం యూరియా, ఆడ పూత త్వరగా రావాలని ఆడ వరుసలపై 1 శాతం డీఏపీ ద్రావణం పిచికారీ చేశాను. మగవాటిని వెనక్కి లాగాలని పొలంలో నీరు తీసి ఆరబెట్టాను. తేడా రెండు రోజులు తగ్గిందేమో, అంతే. కంకి బాగా బయటికి రావడానికి కొట్టే జిబ్బరెల్లిక్ ఆమ్లం (హార్మోన్ మందు) ఇంకా కొట్టలేదు. కంపెనీ మనిషి చూసి "తాడు లాగితే (పుప్పొడి ఆడ వరుసలపై రాలేలా మగ మొక్కలను తాడుతో కదిలిస్తే) సర్దుకుంటుంది" అన్నారు. పుప్పొడి బతికేదే కొద్ది నిమిషాలు. ఆడ కంకి బయటికే రాకపోతే తాడు ఎంత లాగినా ఏం లాభం?

మగ మొక్కల తల్లి పిలకల్లో ముందుగా వచ్చే కంకులను పొట్ట దశలోనే (కంకి ఇంకా ఆకు తొడుగు లోపల ఉండగానే) తుంచేస్తే పక్క పిలకలు ఆలస్యంగా పూస్తాయని పక్క ఊరి రైతు ఒకరు చెప్పారు. ఇది నిజంగా చేసి చూసినవారు ఉంటే చెప్పండి: అలా తుంచితే పక్క పిలకల పూత, ఆడ వరుసల పూతకు అందేంత వెనక్కి జరుగుతుందా?