ఆరు వేలల్లో మహేంద్రగిరికి బ్యాగ్ సర్దడం ఎలా? టెంటు కొనాలా వద్దా?

రాజాం_కుర్రోడు:

అందరికీ నమస్తే. డిసెంబరు మూడో వారంలో మేం నలుగురం శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి మహేంద్రగిరి కొండ ఎక్కుదామనుకుంటున్నాం. ఒక రాత్రి పైన పడుకోవాలని ప్లాను, వీలైతే రెండో రాత్రి దిగేటప్పుడు దారిలో. నలుగురిలో ఎవరికీ ఇలాంటి అలవాటు లేదు. నా దగ్గరున్నవి ఇవీ: కాలేజీ రోజుల నాటి 35 లీటర్ల బ్యాగు (నడుం బెల్టు లేదు), ఇంట్లో మందపాటి రగ్గు, స్టీలు బాటిలు, అరిగిపోయిన స్పోర్ట్స్ షూ, జీన్సు. నిన్న ఊరికే సర్ది చూస్తే నీళ్లూ తిండీ కాకుండానే 14 కిలోలు తూగింది, నా ఒంటి బరువే 58. బడ్జెట్ తలకి ఆరు వేలు, అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువైనా ఇంట్లో మాట పడాలి. యూట్యూబ్‌లో చూస్తే ఒక్క బ్యాగుకే పదిహేను వేలు చెబుతున్నారు, ఇంక టెంటు ధరలు చూసి ఫోను పక్కన పడేశాను. వేసవిలో హిమాలయాల ట్రెక్కుకి కూడా వెళ్లాలని ఆశ ఉంది కాబట్టి అప్పటికీ పనికొచ్చేవైతే మంచిది. ముందు ఏది కొనమంటారు?

జీడితోట:

14 కిలోలు ఏటి తమ్ముడూ, కొండెక్కడానికా కాపురం పెట్టడానికా?

ముందు డబ్బులు జేబులోనే ఉంచు. సర్దినవన్నీ బయటికి తీసి మంచం మీద పరిచి ఒక్కొక్కటీ కాటా మీద పెట్టు, గ్రాముల్లో చూపించేది కావాలి. మాకు పలాసలో జీడిపిక్కల కాటాలకి కరువు లేదు, మీ వీధిలో కిరాణా షాపు అబ్బాయిని అడిగినా కాదనడు. కాగితం మీద వస్తువు, బరువు రాసుకుంటూ పో. రాశాక నీకే తెలుస్తుంది, బరువంతా నాలుగైదు వస్తువుల్లోనే ఉంటుంది. రగ్గు రెండు కిలోల పైమాటే. జీన్సు ముప్పావు కిలో దాకా ఉంటుంది, పైగా మంచుకి తడిసిందంటే ఆ రోజుకి ఆరదు. స్టీలు బాటిలు, అందులోనూ వేడి నిలిపే రెండు పొరలదైతే, ఖాళీదే అరకిలో దగ్గరికొస్తుంది. అదే నీళ్లు పట్టే లీటరు ప్లాస్టిక్ బాటిలు ముప్పై నలభై గ్రాములు. స్నానం తువ్వాలు, నిండు టూత్‌పేస్టు, రెండో జత షూ, "ఎందుకైనా మంచిది" అని పెట్టుకున్న మూడో చొక్కా, ఇవన్నీ ఇంట్లోనే ఉండిపోవాలి.

లెక్క ఏంటంటే, మోసే మొత్తం ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని సాధారణంగా చెబుతారు. నీకు పదకొండున్నర కిలోలు, నీళ్లూ తిండీ కలిపి. రెండు లీటర్ల నీళ్లు రెండు కిలోలు, తిండి కిలోన్నర అనుకుంటే మిగతా సామాను ఎనిమిది కిలోలు. నువ్వు ఆరు మీద కన్నేసి సర్దితే ఏడు దగ్గర ఆగుతావు. శివరాత్రి జాతరకి ఎక్కే మన ఊళ్ల పెద్దాళ్లని ఎప్పుడైనా చూడు, ఒక చేతిసంచీ ఒక దుప్పటి, అంతే.

కొనాల్సినవి: మొదట కాళ్లకి, తర్వాత నిద్రకి. ఆ అరిగిన షూతో మాత్రం రాకు, ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడు రాళ్ల మీద జారి మోకాళ్లు పోతాయి. పట్టున్న సోలు చూసుకో, అరసైజు పెద్దది తీసుకో, ఇప్పుడే కొని రోజూ పొద్దున్న వేసుకుని తిరుగు. కొత్త షూ కొండ కింద విప్పే బాపతు చాలామంది ఉన్నారు. బ్యాగు అన్నిటికన్నా ఆఖర్న ఆలోచించు, ఎందుకంటే సామాను ఎంతో తేలకుండా సంచి సైజు ఎలా తెలుస్తుంది? సామాను ఏడు కిలోలకి దిగితే నీ 35 లీటర్లే సరిపోతుంది.

చలి సంగతి. శిఖరం 1,501 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకి ఆరున్నర డిగ్రీల లెక్కన చూసినా కింద పలాసలో కంటే తొమ్మిదీ పది డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి తోడు. డిసెంబరు రాత్రి కింద పదిహేడుంటే పైన ఏడూ ఎనిమిదీ అనుకుని సర్దుకో.

కొండగాలి_సాలూరు:

టెంటు విషయం నేను చెప్తా. కొనొద్దు. మా సాలూరులో లారీలు ఎన్నున్నాయో టార్పాలిన్ షాపులు కూడా అలాగే ఉంటాయి, నువ్వు విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో విత్తనాల షాపుల వైపు వెళ్లినా దొరుకుతుంది. వరికుప్పల మీద కప్పే బరకం ఉంది కదా, అందులో పల్చటి రకం, సిల్పాలిన్ అని అడుగు. దాన్ని జీఎస్ఎంలో అమ్ముతారు, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో అది. 90 జీఎస్ఎం తీసుకో. మూడు మీటర్లకి నాలుగు మీటర్ల ముక్క పన్నెండు చదరపు మీటర్లు, పన్నెండు తొంభైలు 1,080 గ్రాములు. నలుగురికి నీడ కిలో చిల్లరలో అయిపోయింది, తలకి పావుకిలో పైన కాస్త. లారీలకి వేసే మందపాటి తాటిపత్రి ఇస్తానంటే మాత్రం వద్దను, అది మోయడానికి లారీయే కావాలి. షాపువాడు 90 అని చెప్పి 120 అంటగట్టకుండా ముక్క కోశాక కాటా మీద పెట్టించు, మొత్తం బరువుని పన్నెండుతో భాగిస్తే నిజం బయటపడుతుంది.

నాలుగు మూలలా కన్నాలకి ఇత్తడి రింగులు కొట్టించు, పొడుగు వైపు మధ్యలో కూడా ఒక్కోటి. సన్నటి నైలాను తాడు పదిహేను మీటర్లు. రెండు చెట్ల మధ్య తాడు లాగి కట్టి దాని మీంచి బరకం వేసి రెండు వైపులా నేలకి బిగిస్తే ఇంటి కప్పులాగా నిలబడుతుంది. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి వాలు అటు తిప్పాలి, తెరిచిన వైపు కాదు. గాలి గట్టిగా ఉంటే తాడు కిందకి దించేయ్, కప్పు ఎంత పొట్టిగా ఉంటే అంత గట్టిగా నిలుస్తుంది. ఒకసారి ఇంటి డాబా మీద కట్టి చూసుకోండి.

బెల్టు గురించి కూడా ఒక మాట. లారీ సీట్లు కుట్టేవాళ్ల దగ్గర రెండంగుళాల పట్టీ, బకిల్ వేసి బెల్టు కుట్టించుకోవచ్చు, కానీ బ్యాగుకి వీపు వైపు గట్టి రేకో ఫ్రేమో లేకపోతే బెల్టు ఉన్నా బరువు తుంటికి దిగదు, భుజాల మీదే వేలాడుతుంది. దానికో ఉపాయం ఉంది. కింద పరుచుకునే ఫోమ్ షీటుని బయట చుట్టి వేలాడదీయకుండా, బ్యాగు వెడల్పుకి మడతలు పెట్టి లోపల వీపు వైపు నిలబెట్టు. అదే ఫ్రేమవుతుంది, వీపుకి ఏదీ గుచ్చుకోదు.

బొబ్బిలి_వీణ:

సాలూరు అన్నయ్య లెక్క కరెక్టే కానీ బరకం ఒక్కటే చాలంటే నేను ఒప్పుకోను. దోమల మాటేంటి? మన ఏజెన్సీలో మలేరియా ఎప్పటినుంచో ఉన్నదే, దోమతెర లేకుండా పిల్లల్ని అడవిలో పడుకోమంటారా? ఒక్కరికి సరిపడే పల్చటి తెర పావుకిలో లోపే వస్తుంది, బరకం కింద తాడుకే వేలాడదీయొచ్చు. ఇంకోటి, పైన కొన్ని చోట్ల గడ్డే తప్ప తాడు కట్టడానికి చెట్టుండదు. వెదురు కర్ర ఒకటి చేతికర్రగా పట్టుకెళ్తే దిగేటప్పుడు మోకాలికీ సాయం, రాత్రి బరకానికి గుంజా అవుతుంది. టెంటే కావాలనుకుంటే ఇద్దరికి పట్టే మామూలు టెంటు రెండున్నర కిలోల దగ్గరుంటుంది, గుడ్డ ఒకరు, పోల్స్ ఒకరు మోయాలి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి వచ్చే, విసిరితే తెరుచుకునే టెంట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటికి పైన రెండో పొర ఉండదు, వాన రాకపోయినా మన ఊపిరి తేమే తెల్లారేసరికి లోపల గోడలకి పట్టి మొహం మీద కారుతుంది.

స్లీపింగ్ బ్యాగు తీసుకునేటప్పుడు దాని మీద రెండు నంబర్లుంటాయి, కంఫర్ట్, లిమిట్. లిమిట్ చూసి మోసపోకు బాబూ, అది మగవాడు ముడుచుకుని ఎలాగోలా రాత్రి గట్టెక్కే ఉష్ణోగ్రత. కంఫర్ట్ నంబరే చూడు. మహేంద్రగిరికి పది డిగ్రీల కంఫర్ట్ ఉన్నది తీసుకుని, లోపల పాత పట్టుచీరని సంచిలా కుట్టించుకుని వేసుకుంటే సరిపోతుంది. అమ్మనడిగి తీసుకో, చెప్పకుండా కోశావంటే ఇంట్లో ట్రెక్కింగే. వైజాగ్ డెకాథ్లాన్‌కి వెళ్తే పట్టి చూసి కొనొచ్చు, లేబుల్ మీద బరువు కూడా ఉంటుంది. హిమాలయాలకీ ఇదే పనికిరావాలని మాత్రం చూడకు. అక్కడికి సున్నా డిగ్రీలో అంతకంటే తక్కువదో కావాలి, దాని బరువూ ధరా వేరే. చాలా ట్రెక్కుల్లో నిర్వాహకులే ఇస్తారు, లేదంటే మనాలి లాంటి చోట్ల అద్దెకి దొరుకుతాయి. నీవి అయి ఉండాల్సినవి షూ, తలకి పెట్టుకునే లైటు, రెయిన్ జాకెట్.

కింద పరుచుకునేదాని మీద చాలామంది పిసినారితనం చూపిస్తారు. స్లీపింగ్ బ్యాగులో మన ఒంటి కిందున్న దూది నలిగిపోయి వెచ్చదనం ఇవ్వదు, చలి నేలలోంచే ఎక్కుతుంది. చాప ఆపలేదు. పది మిల్లీమీటర్ల ఫోమ్ షీటు ఆపుతుంది, మూడొందల గ్రాముల పైన ఉంటుందేమో అంతే. యోగా మ్యాట్ ఉందిగా అని అది తేకండి, రబ్బరులాంటి ఆ పీవీసీ మ్యాట్లు కిలో పైన తూగుతాయి.

బట్టలు: ఒంటి మీద ఒక జత పాలిస్టరు, రాత్రికి పొడి జత ఒకటి, ఉన్ని స్వెట్టరు, మంకీ క్యాపు. నూలు వద్దు. పొందూరు ఖద్దరు ఎంత సన్నగా ఉన్నా నూలు నూలే, చెమట పట్టిందంటే ఒంటికి అంటుకుని చల్లబడిపోతుంది. తువ్వాలు మాత్రం పల్చటి నూలుదే బెస్టు.

సర్దేటప్పుడు ముందు బ్యాగు లోపల పొడవాటి పెద్ద పాలిథిన్ సంచి వేసి అన్నీ అందులోకి దించు. బయట తొడిగే రెయిన్ కవర్ వీపు వైపు నీళ్లని ఆపదు, ఇది ఆపుతుంది, ఇరవై రూపాయల ఖర్చు. అడుగున స్లీపింగ్ బ్యాగు, రాత్రి దాకా దాంతో పని లేదు. బరువైనవి, అంటే తిండీ నీళ్లూ, వీపుకి ఆనుకుని భుజం ఎముకల మధ్యకి వచ్చేలా. బరువుని బయటి జేబుల్లో పెడితే బ్యాగు వెనక్కి లాగుతుంది, దానికి విరుగుడుగా నువ్వు ముందుకి వంగి నడుస్తావు, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. రెయిన్ జాకెట్, లైటు, తినుబండారం పైన. వేసుకునేటప్పుడు ముందు బెల్టు తుంటి ఎముకల మీద బిగించి, తర్వాతే భుజం పట్టీలు లాగాలి. మనవాళ్లంతా తలకిందులుగా చేస్తారు.

రాజాం_కుర్రోడు:

అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. కాటా పెట్టించాను. రగ్గు 2,300, స్టీలు బాటిలు 480, జీన్సు 690 వచ్చాయి. పెర్ఫ్యూమ్ సీసా 310 గ్రాములట, అది ఎవరు పెట్టారో నాకు తెలీదు. ఇవన్నీ పక్కన పెట్టి, నలుగురం పంచుకునేవి పంచుకుంటే ఆరుంపావు కిలోలకి వచ్చేలా ఉంది. బరకం, తాడు, రింగులు కలిపి నలుగురం వేసుకుంటున్నాం. మా వాడొకడు గ్యాస్ స్టవ్ కొందామంటున్నాడు, చిన్న డబ్బా ఉండేది. పైన మ్యాగీ, టీ లేకపోతే వాడు రాడట. కొనమంటారా?

జీడితోట:

వాణ్ణి మందసలో దిగాక టీ తాగి రమ్మను. గ్యాసు డబ్బా రైల్లో తీసుకెళ్లకూడదు, మండే వస్తువుల కిందకొస్తుంది. మీరు ఆమదాలవలసలో రైలెక్కి వస్తారనుకుంటున్నా. 230 గ్రాముల గ్యాసుకి డబ్బాతో కలిపి నాలుగొందల దాకా తూగుతుంది, దాని మీద స్టవ్వు, గిన్నె, నీళ్లు కూడా ఎక్కువ మోయాలి. పుల్లలతో మంట పెడదామని అసలు అనుకోవద్దు, డిసెంబరుకి గడ్డి ఎండటం మొదలవుతుంది.

ఒక్క రాత్రికి వంట లేకుండా తిండి మనకంటే ఎవరికి బాగా తెలుసు? మొదటి పూట పులిహోర, అది బయలుదేరిన రోజు సాయంత్రానికి ఖాళీ అయిపోవాలి. తర్వాత అటుకులు, డబ్బాలో శుద్ధి చేసిన గెడ్డ (వాగు) నీళ్లు పోసి పావుగంట ఉంచి బెల్లం, కొబ్బరి కోరు కలుపుకోవడమే. వేయించిన చోడిపిండిలో (రాగిపిండిలో) బెల్లం కలిపి తెచ్చుకుంటే నీళ్లలో కలుపుకుని తాగొచ్చు. సున్నుండలు, వేరుశెనగ చిక్కీ, మా పలాస జీడిపప్పు (గుళ్ల వద్దు, బద్ద చాలు, ధర తక్కువ, కడుపులోకి వెళ్లాక రెండూ ఒకటే). నీళ్లు మాత్రం గెడ్డలోంచి నేరుగా తాగొద్దు. గుడ్డతో వడకట్టి క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి.

తిండి తలకింద పెట్టుకుని పడుకోవద్దు. మా ఉద్దానంలో జీడితోటల్లోకే ఎలుగుబంట్లు వస్తుంటాయి, మందస కొండల్లో సంగతి చెప్పక్కర్లేదు. తినేవన్నీ ఒక సంచిలో కట్టి పడుకునే చోటుకి దూరంగా కొమ్మకి వేలాడదీయండి, తెల్లవారుజామున ఒక్కడే బయటికి పోవద్దు. బయలుదేరే ముందు మందసలో ఫారెస్టు వాళ్లని కలవండి. శిఖరం ఒడిశా గజపతి జిల్లాలోకి వస్తుంది కాబట్టి పైన రాత్రి ఉండనిస్తారో లేదో ఆ వైపు కూడా కనుక్కోవాలి, లోకల్ మనిషిని ఒకణ్ణి వెంట తీసుకుంటే ఇంకా మంచిది, వాళ్లకి ఇచ్చే డబ్బు కూడా ఆ ఆరు వేలల్లోనే పక్కన పెట్టు.

కొండగాలి_సాలూరు:

తేదీ డిసెంబరు మూడో వారమే ఉంచండి, అంతకంటే ముందే వెళ్లిపోదామని అనుకోవద్దు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది కదా. ఆ గాలికి నా బరకమూ ఆగదు, అక్కయ్య టెంటూ ఆగదు.

బొబ్బిలి_వీణ:

నాది టెంటు కాదు, దోమతెర. సరిగ్గా చదవండి అన్నయ్యా. బాబూ, నలుగురూ బయలుదేరే రెండు రోజుల ముందు కాలిగోళ్లు తీసుకోండి, దిగేటప్పుడు గోరు షూ ముందుకి తగిలి నల్లబడుతుంది. తీసుకున్నాక నెయిల్ కట్టర్ ఇంట్లోనే పెట్టేయండి, అదీ యాభై గ్రాములే.